నాలుగు వేళ్ల నలుపు

మధ్యాహ్నం మూడూ పదికి నేను హత్య జరిగిన ఆ పనిగది గుమ్మంలో ఉన్నాను. ఐదింటికి హతుడి తమ్ముణ్ణి మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. ఒకసారి రిమాండు పడిందంటే ఇక ఆ కేసు గురించి ఎవరూ ఆలోచించరు, ఆలోచించడం అయిపోయిందనుకుంటారు. నాకు మిగిలింది గంటా యాభై నిమిషాలు. అందులో ఐదు నిమిషాలు ఇన్‌స్పెక్టరు గుమ్మంలోనే తినేశాడు.

"ఏం ఎనిమిదో క్లాసూ, నువ్వింకా ఈ పని మానలేదా?" అన్నాడు జీపు దిగుతూ.

"మీరు నేర్చుకునేదాకా మానలేను సార్."

ఎనిమిదితో బడి మానేశానని అతనికి ఎవరు చెప్పారో గాని, పదేళ్లుగా అదే నా పేరు. అతను డిగ్రీలు రెండు చదివాడు. నేను పట్టించిన దొంగల పక్కన నిలబడి ఫొటో దిగాడు. దాన్ని ఫ్రేము కట్టించి స్టేషన్లో తగిలించాడు. అక్కడికి వెళ్తే ఆ గోడ వైపు చూడను.

జీపును తిప్పి పంపేశాడు. లాకప్పులో ఉన్నవాణ్ణి తిన్నగా కోర్టుకు తీసుకెళ్లమని డ్రైవరుకు చెప్పి, నా వైపు తిరిగాడు. "నాలుగున్నరకి నీ స్కూటరు మీద నన్ను దింపుదువుగాని. నువ్వు ఓడిపోయిన మొహంతో బండి నడుపుతుంటే చూడాలని ఉంది."

తాళం తీసింది తమ్ముడి భార్య. ఆస్పత్రిలో నర్సు. రెండు గంటలు పర్మిషను అడిగి, నాలుగింటికి డ్యూటీ ఎక్కాలని తెల్లకోటు తొడుక్కునే వచ్చింది. నన్ను ఈ కేసులోకి పిలిచింది ఆవిడే. నిన్న మా ఇంటికొచ్చి, ఇచ్చిన మంచినీళ్లు కూడా తాగకుండా, "మా ఆయన చీమకి కూడా దారిస్తాడు సార్" అంది. అలాంటివాళ్లను చాలామందిని చూశాను. అయినా ఒప్పుకున్నాను, ఎందుకంటే అరెస్టు చేసింది ఈ ఇన్‌స్పెక్టరు.

చనిపోయినవాడు ఆవిడ బావగారు. అందరూ సిరా మాస్టారనేవాళ్లు. పుస్తకాల అట్టల మీదకు రాక్షసులూ, రెక్కల గుర్రాలూ, గాల్లో తేలే కోటలూ గీసేవాడు. నల్ల సిరా, తెల్ల కాగితం. ఇంకో రంగు ముట్టుకోడు. మంగళవారం ఉదయం ఎనిమిదిన్నరకు ఆయన శవాన్ని మొదట చూసింది తమ్ముడే. చేతిలో కలం, ఒళ్లో ఒక బొమ్మ. ఆ బొమ్మే తమ్ముణ్ణి లాకప్పుకు తీసుకెళ్లింది.

ముందు గదిలోకి అడుగు పెట్టగానే ఇన్‌స్పెక్టరు చెయ్యి చాచాడు. "ఫోను."

"ఎందుకు?"

"ఫొటోలు తీసి పేపర్లకిస్తావు. నిన్ను నేనెరగనా."

నా ఫోను లాక్కుని బల్ల మీద పెట్టాడు. తన ఫోను కూడా దాని పక్కనే చార్జింగుకు తగిలించాడు. అప్పుడే వద్దనవలసింది.

నేను స్టూలు మీద కూర్చుని ఆవిణ్ణి ఎదురుగా కూర్చోమన్నాను. "సోమవారం మొదటినుంచి చెప్పమ్మా. టైములు కావాలి నాకు."

"పన్నెండున్నరకి మా ఆయన బయల్దేరారు. వేరే ఊళ్లో ప్రెస్సులో ఉద్యోగం చూశాను ఆయనకి. మూడింటికి బస్సు. అక్కడ ఉండలేక రాత్రి బస్సుకే తిరిగొచ్చేశానన్నారు."

"మీ బావగారికి చెప్పే వెళ్లాడా?"

"చెప్తే వెళ్లనిస్తారా? ఇంతకుముందు రెండుసార్లు బస్టాండుకి పరిగెత్తుకొచ్చి వెనక్కి తీసుకొచ్చారు. నువ్వు లేకపోతే నా బొమ్మ సగమేరా అని ఏడ్చారు కూడా. ఈయన పెట్టె దించేశారు."

"తర్వాత?"

"ఒంటిగంటకి బావగారికి భోజనం పెట్టాను. ఒకటిన్నరకి ఇంటి నుంచి తిన్నగా ఆస్పత్రికి. రెండు నుంచి పది డ్యూటీ. సంతకం ఉంటుంది రిజిస్టర్లో."

"ఈ గదికి వచ్చావా ఆ రోజు?"

"నేనిక్కడికి రాక మూడు నెలలైంది సార్. సిరా వాసనకి తలనొప్పి. కావాలంటే ఆయన్నడగండి."

అడిగాను. ఉదయం పదకొండింటికి లాకప్పులో ఆయన్ని చాలానే అడిగాను. బస్సెక్కలేదన్నాడు. అన్నయ్యను వదిలి వెళ్లలేక, ఇంటికి తిరిగి రావడానికి మొహం చెల్లక, బస్టాండులో బెంచీ మీద తెల్లారేదాకా కూర్చున్నానన్నాడు. చూసినవాళ్లెవరూ లేరు. బొమ్మ గురించి అడిగితే గోడ వైపు తిరిగి పడుకున్నాడు. భార్యకు చెప్పొద్దన్నాడు, బస్సు సంగతి. చెప్పలేదు.

మూడున్నర. లేచి గోడలు చూశాను.

పద్నాలుగు బొమ్మలు, అద్దాల వెనక. ఒక్కోదాని కింద సంవత్సరం వేసి ఉంది. నేను వేళ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఇన్‌స్పెక్టరు నవ్వాడు.

"పదిదాకా వచ్చా నీకు?"

"నాలుగుదాకా వస్తే చాలు సార్."

ముందు గది వెనకే అసలు గది. ఒకప్పుడు అది ఐస్ ఫ్యాక్టరీ. ఐసు దిమ్మలు దాచే చిన్న గదిని సిరా మాస్టారు కాగితాల కోసం వాడుకున్నాడు. తేమ చేరదు కాబట్టి కాగితం మెలిక తిరగదు. మనిషి పడుకుంటే కాళ్లు గోడకు తగులుతాయి. మూడు పక్కలా కాగితాల అరలు, మధ్యలో వాలుబల్ల. గోడలకు రేకు. జానెడు మందం తలుపు, అంచు చుట్టూ రబ్బరు, కంటి ఎత్తున అరచేతంత గాజుబిళ్ల. గడియ బయట. లోపలి నుంచి తీసే మీట ఎప్పుడో విరిగిపోయింది. లైటు స్విచ్చి కూడా బయటే. గడియ పడితే గాలాడదు, సిరా మాస్టారు ఊపిరాడక పోయింది ఇందులోనే.

దానంతటదే మూసుకునే తలుపు అది. అందుకే అన్నదమ్ములకు ఒక అలవాటు ఉండేది. ఎవరు లోపలికి అడుగు పెట్టినా రెండోవాడు ఉన్నచోటి నుంచే కేకేసేవాడు, "చెక్క పెట్టావా?" అని. పెట్టాననేదాకా వదిలేవాడు కాదు. తలుపు కింద దూర్చే చెక్కముక్క అది. గుమ్మం పక్క మేకుకు తాడుతో వేలాడుతూ ఉండేది.

ఇన్‌స్పెక్టరు దాన్ని అందుకుని తలుపు కింద పెట్టాడు. జారిపోయింది. బూటుతో తన్ని బిగించాడు. తలుపు నెమ్మదిగా వచ్చి అతని భుజానికి తగిలింది.

"ఇదొక దరిద్రం. నిన్న మా కానిస్టేబులు అరగంట కుస్తీ పట్టాడు."

"ఇలా ఇవ్వండి సార్," అని ఆవిడ వంగి, చెక్కను తిరగేసి దూర్చింది. తలుపు నిలిచిపోయింది.

నేను థాంక్స్ కూడా చెప్పాను.

లోపల బల్బు వెలుగుతోంది. ఇన్‌స్పెక్టరు చంకలోని కవరు విప్పి, బొమ్మను ఆయన కూర్చున్నచోటే, వాలుబల్ల మీద పరిచాడు. ఇద్దరం నిలబడితే మోచేతులు తగులుతున్నాయి. ఆవిడ గుమ్మం బయట నిలబడింది.

బొమ్మలో ఒక బురుజు. తలుపు సగం తెరిచి ఉంది. లోపల నేల మీద కూలబడ్డ ముసలి రాజు. బయట తలుపు అంచు పట్టుకుని కొమ్ముల రాక్షసుడు, నిలువెల్లా నలుపు, ఎడమ చేతికి నాలుగే వేళ్లు. పైన గాల్లో రెక్కలు చాచిన తెల్లటి మనిషి. దానికి కళ్లూ ముక్కూ లేవు, ముఖం ఉండాల్సినచోట ఖాళీ కాగితం. చేతిలో మూడు కోణాల చిన్న వస్తువేదో, వెనక నుంచి వెలుగు గీతలు.

ఇన్‌స్పెక్టరు జేబులోంచి రెండు పేజీల రిపోర్టు తీశాడు. "బొమ్మల కాలేజీ లెక్చరరు రాసిచ్చాడు. విను. నలుపు చెడుకి గుర్తు, తెలుపు మంచికి గుర్తు. రాక్షసుడు రాజుని బంధిస్తున్నాడు. పైన ఉన్నది దేవత, చేతిలో జ్ఞానజ్యోతి, జరిగినదానికి సాక్షి. నాలుగు వేళ్లు హంతకుడి ఆనవాలు. తమ్ముడి ఎడమ చేతి చిటికెన వేలు ఏమైంది?"

"కాగితాలు కోసే మిషన్లో పోయింది. పదకొండేళ్ల కిందట."

"మరి? పోతూ పోతూ ఆయన వేలు పెట్టి చూపించాడు. నీకింకేం కావాలయ్యా?"

"ఆ లెక్చరరు బయట గోడ చూశాడా?"

"వాడెందుకొస్తాడు ఇక్కడికి? ఫొటో పంపాం."

"అందుకే. పదకొండేళ్లకి ముందు బొమ్మలు అయిదున్నాయి. వాటిలో నల్ల రాక్షసులకి అయిదేసి వేళ్లు. తర్వాతివి తొమ్మిది. తొమ్మిదింటిలోనూ నాలుగే. ఒకటి పిల్లల పడవని ఒడ్డుకి లాగుతోంది. ఒకటి గాలికి దీపం ఆరిపోకుండా చెయ్యి అడ్డం పెట్టింది. ఇంకోటి మంచులో పడుకున్న ముసలిదానికి రెక్క కప్పింది. తొమ్మిదింటిలో నలుపు చెడ్డపని చేసింది ఒక్కటి చూపించండి, స్కూటరు మీకే ఇచ్చేస్తా."

"నీ స్కూటరు ఎవడిక్కావాలి?"

"తెల్లవాటిని చూడండి. తెల్లగుర్రం చేలు తొక్కుతోంది. తెల్లరాణికి నీడ లేదు. ఈ ఇంట్లో పని ఎలా జరిగేదో అడిగారా ఎవరినైనా? అన్న గీత గీస్తాడు, తమ్ముడు కుంచెతో నలుపు నింపుతాడు. పదిహేడేళ్లు అదే పని. అట్ట మీద పేరు మాత్రం అన్నది. వేలు పోయాక, తమ్ముడి పేరు వెయ్యలేని అన్న కనీసం ఆ చెయ్యైనా బొమ్మలో వేశాడు. నల్లగా కనిపించేదల్లా తమ్ముడు సార్."

ఇన్‌స్పెక్టరు రిపోర్టు మడతపెట్టాడు, మళ్లీ విప్పాడు. "కవిత్వం చెప్పకు. సాక్ష్యం చెప్పు."

"నేను ప్రెస్సులో రోలర్లు తుడిచి పెరిగినవాణ్ణి. సిరా పనిలో తెలుపంటే ఏమీ చెయ్యనిది. కలం తాకకుండా వదిలేసిన కాగితం. నలుపుకే చాకిరీ. ఈ గదిలో కుంచె లేదు, కలం ఒక్కటే ఉంది. ఈ రాక్షసుడి ఒళ్లు దగ్గరగా చూడండి. పూసింది కాదు, గీత పక్కన గీత, వేల గీతలు. ఆయనకి ఆయాసం. మందు బయట బల్ల మీద ఉండిపోయింది. ఊపిరందనివాడు, తనని చంపుతున్నవాడి ఒంటికి ఇన్ని గంటలు ఖర్చుపెడతాడా?"

అతను వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"చెయ్యి చూడండి. తలుపు నెట్టేవాడు అరచెయ్యి ఆనిస్తాడు. ఇక్కడ వేళ్ల కొసలు తలుపు లోపలివైపుకి వంగి ఉన్నాయి. అంచు పట్టుకుని లాగుతున్నాడు. రాక్షసుడు తలుపు మూయడం లేదు సార్, తెరుస్తున్నాడు. తమ్ముడొచ్చి తీస్తాడని ఆయన ఎదురుచూశాడు. అది గీశాడు."

"అంత తెలిస్తే పేరు రాయొచ్చుగా? కాగితం ఉంది, కలం ఉంది."

"తలుపు వేసినవాళ్లే మొదట వచ్చి తీస్తారనుకున్నాడు. పేరు రాస్తే చించేస్తారు. బొమ్మ అయితే చూసి వదిలేస్తారు. వదిలేశారు కూడా."

గుమ్మంలోంచి ఆవిడ గొంతు వచ్చింది. "అయితే మా ఆయన్ని వదిలేస్తారా సార్?"

ఓడిపోవడం ఇన్‌స్పెక్టరుకు అలవాటు లేదు, అంటే ఒప్పుకోవడం అలవాటు లేదు. టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. "ఇదంతా మేజిస్ట్రేటుకి చెప్తాను. ఈ రోజుకి వాయిదా అడుగుతాను. ఆ తర్వాత చూద్దాం."

ఆవిడ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మూడూ నలభై రెండు. అక్కడితో నేను నోరు మూసుకుని స్కూటరు స్టార్టు చేసి ఉంటే, ఈ కేసులో ఎవరూ ఏమీ పోగొట్టుకోకపోదురు.

"సరేనయ్యా," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "నలుపు తమ్ముడు. మరి తెలుపెవరు?"

నేను బొమ్మ మీదకు వంగాను. గెలుస్తున్నవాడికి వెనక ఏముందో పట్టదు.

"ముఖం లేదు. కోటలో రాణి అనడానికి కిరీటమూ లేదు. చేతిలో ఉన్నది జ్యోతి అన్నాడు మీ లెక్చరరు. జ్యోతి అయితే వెలుగు దాంట్లోంచి రావాలి. గీతలు చూడండి, వెలుగు మనిషి వెనక నుంచి వస్తోంది, ఆ వస్తువులోంచి కాదు. ఒక చివర మందం, ఒక చివర పల్చన. చివర్న వేలాడుతున్నది తాడు. ఇది దీపం కాదు సార్. ఇది..."

చెక్క.

ఉదయం లాకప్పులో తమ్ముడు చెప్పిన మాట అప్పుడు చెవిలో పడింది. తలుపు దానంతటదే పడిపోయి ఉండొచ్చు కదా అని నేను అందించాను, తప్పించుకోమని. ఆయన అందుకోలేదు. "పడదండి. పాత చెక్క శనివారం విరిగింది. కొత్తది నేనే చేశాను. తిరగేసి పెడితేనే నిలుస్తుంది. ఆ సంగతి నాకూ అన్నయ్యకే తెలుసు. ఇంకెవరికీ తెలీదు," అన్నాడు. తన మెడకు తనే ఉరి బిగించుకుంటున్నాడేమిటి వీడు అనుకున్నాను. అమాయకుడనుకున్నాను. ఎవరి మెడలోంచి తీసి తన మెడకు వేసుకుంటున్నాడో ఆలోచించలేదు.

మూడు నెలలుగా ఇక్కడికి రానావిడ, శనివారం పుట్టిన చెక్కను ఒక్కసారికే తిరగేసి పెట్టింది.

వెనక్కి తిరిగాను. తలుపు అప్పటికే సగం దూరం వచ్చేసింది. ఇన్‌స్పెక్టరు నన్ను దాటుకుని దూకాడు, బల్ల తగిలి మోకాళ్ల మీద పడ్డాడు. రబ్బరు మెత్తగా ఆనుకుంది. బయట గడియ పడిన చప్పుడు చెవితో కాదు, అరికాళ్లతో తెలిసింది.

ఇన్‌స్పెక్టరు తలుపును భుజంతో గుద్దాడు. మూడుసార్లు. నాలుగోసారి నేనే చెయ్యి పట్టుకున్నాను.

"ఊపిరి దాచుకోండి సార్."

"తియ్యమ్మా," అని అరిచాడు. "తియ్యకపోతే ఏమవుతుందో తెలుసా?"

బావిలోంచి వచ్చినట్టు వచ్చింది ఆవిడ గొంతు. "తెలుసు సార్. చూశాను."

నేను తలుపు అంచుకు మొహం ఆనించాను. "చంపాలని వెయ్యలేదు నువ్వు. అవునా?"

గొంతు ఈసారి దగ్గరగా వచ్చింది. "ఒక్క గంట అనుకున్నాను. బస్సు కదిలేదాకా. ఈయన పదిహేడేళ్లుగా ఈ గదిలోనే ఉన్నారు. పేరు లేదు, బయట మనిషి తెలీదు. ఒక్క గంట బావగారు కదలకుండా ఉంటే బయటపడతారు కదా అనుకున్నాను. మూడింటికి బ్రేకులో వచ్చి తీద్దామని లైటు కూడా ఆర్పలేదు. వార్డులోకి ఒకేసారి పదకొండు మంది కాలినవాళ్లొచ్చారు. చేతులు ఖాళీ లేవు. ఎవరికి చెప్పను? ఏమని చెప్పను? పదింటికి వచ్చేసరికి..."

"తలుపు మళ్లీ వేసి వెళ్లావు."

నేను గుప్పిటతో తలుపు తట్టాను.

"విను. మీ ఆయన్ని విడిపించగలిగిన ఇద్దరూ ఈ గదిలోనే ఉన్నారు. మేం పోతే ఆ బొమ్మ అర్థం చెప్పేవాడు ఉండడు. ఐదింటికి లెక్చరరు రాసిందే నిజమైపోతుంది."

"మీరు బయటికొస్తే ఆయన ఇంటికొస్తారు. నేనుండను," అంది. "అప్పుడు ఆయన మళ్లీ ఈ గదిలోకే వచ్చి కూర్చుంటారు. ఇంకెక్కడికి వెళ్లడం ఆయనకి తెలీదు."

నా దగ్గర ఒక్క మాటే మిగిలింది. చెప్పనని తమ్ముడికి మాటిచ్చాను. మాట నిలబెట్టుకోవడానికి కూడా ఊపిరి కావాలి.

"ఆయన బస్సెక్కలేదమ్మా. బస్టాండులోనే కూర్చున్నాడు, తెల్లారేదాకా. అన్నని వదల్లేక. మంగళవారం పొద్దున ఈ బొమ్మని మొదట చూసింది ఆయన. చూడగానే అంతా అర్థమైంది. అన్న గీత తమ్ముడికి తెలీకుండా ఉంటుందా? అందుకే నోరు విప్పడం లేదు. నీ కోసం."

లేచి గాజుబిళ్లలోంచి చూశాను. ముందు గది దీపం ఆవిడ వెనక ఉంది. తెల్లకోటు గుండీలు ఊడిపోయి అంచులు రెండు పక్కలకూ విచ్చుకున్నాయి. ముఖం కనిపించలేదు. చేతిలో చెక్క, దానికి వేలాడుతూ తాడు.

సిరా మాస్టారు ఊహించి గీసింది ఏమీ లేదు. ఇక్కడ నిలబడి చూసింది చూసినట్టు గీశాడు.

"ఆయనకి తెలుసా?" అంది ఆవిడ. ఆ గొంతు ఏడుపులా లేదు, నవ్వులానూ లేదు.

స్విచ్చి పడింది. బల్బు ఆరిపోయింది. ఇంకో స్విచ్చి పడింది. గాజుబిళ్ల కూడా చీకట్లో కలిసిపోయింది.

వాచీ ముళ్లు మాత్రం పచ్చగా మెరుస్తున్నాయి. మూడూ యాభై ఒకటి. పది నిమిషాల నడకలో ఆస్పత్రి, నాలుగింటికి డ్యూటీ. పావుగంట నడిస్తే కోర్టు, ఐదింటికి భర్త. ఆవిడ ఏ వైపు తిరిగిందో ఈ తలుపు వెనక నుంచి వినబడదు.

ఇన్‌స్పెక్టరు నా పక్కనే గోడకు ఆనుకుని జారి కూర్చున్నాడు. అతని మోకాలు నా మోకాలికి తగిలింది. తియ్యలేదు.

"ఆయన ఎంతసేపు బతికాడు?" అన్నాడు. పోస్టుమార్టం రిపోర్టు అతని దగ్గరే ఉంది. అయినా నన్నడిగాడు.

"ఎనిమిది గంటలు. ఆయన ఒక్కడు సార్."

అతను పెదవుల్లోనే లెక్క కట్టుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, పదేళ్లలో మొదటిసారి పేరు పెట్టి వెక్కిరించకుండా అడిగాడు. "బొమ్మలు చదివేవాడివి కదా. చెప్పు. ఆ తెల్లది మంచిదా, చెడ్డదా?"

"ముఖం ఖాళీగా వదిలేశాడు సార్. ఎనిమిది గంటలు కూర్చుని కూడా ఆయనకి తేలలేదు."

ఇద్దరం నెమ్మదిగా, వంతులేసుకున్నట్టు ఊపిరి పీల్చుకుంటున్నాం. ఈ గదిలో నలుపే మంచిదని పావుగంట కింద వాదించి గెలిచింది నేనే. ఇప్పుడు కావలసినంత ఉంది.